కిటికీలో ఓబుళప్ప నెమలి

"ఎవురో వస్తాండారు, లోపలికి పో" అని భర్త మురళి అన్నాడంటే నాగమణి కుర్చీ వదిలి లేవాలి. పని ఎంత మధ్యలో ఉన్నా సరే. హిందూపురంలో వాళ్ళ ఇంటి ముందుగదే కంప్యూటర్ సెంటరు, వెనకది వంటిల్లు, రెంటికీ మధ్య ఒక పూల కర్టెను. ఆమె లేచిన కుర్చీలో వెచ్చదనం ఆరకముందే అతను కూర్చునేవాడు. సెంటరు పెట్టిన రెండేళ్ళుగా ఇదే వరస.

కర్టెను వెనక ఆమె ఖాళీగా ఏమీ ఉండదు. అత్తకు సంగటి, వచ్చినవాళ్ళకు టీ, మధ్యలో "ఏమ్మే, నీళ్ళు వస్తాండాయి, బిందెలు పెట్టు" అని కేక. ఆ అత్త కుళ్ళాయమ్మే ముందుగదిలోకి తొంగిచూసి, "మావోడిది మా నాయన తెలివబ్బా, ఎప్పుడూ ఆ మిషన్లోనే తల పెట్టుకోని ఉంటాడు" అని వచ్చినవాళ్ళతో మురిసిపోయేది. మిషన్లో పెట్టిన తల ఎవరిదో ఆమెకు తెలియదా? తెలుసు. తెలిసీ అనేది.

ధర్మవరం పట్టుమగ్గాల యజమానుల కోసం చీర అంచులు గీసే ప్రోగ్రాం రాసింది నాగమణి. కంప్యూటర్ తెర మీద గళ్ళకాగితంలాంటి కిటికీ, అదే విండో, తెరుచుకుంటుంది. గడిగడీ నింపి నెమలినో హంసనో గీస్తే, దాన్ని చూసి, మగ్గం మీద అంచు నేతను నడిపే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టుకుంటారు. చిక్కల్లా ఒకటే. పెద్ద కిటికీ లోపల డిజైనుకొక చిన్న కిటికీ కొత్తగా పుట్టిస్తూ పోతే, ఆ పాత మిషను నాలుగో డిజైనుకే బిగుసుకుపోయేది. మురళి పదిసార్లు స్విచ్చు ఆపి వేసి, "ఇది బెంగళూరోళ్ళు చేయల్సిన పని" అని చేతులెత్తేశాడు. నాగమణి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ ఆలోచించింది. పని అయిన కిటికీని పారేయడం ఎందుకు, దాచిపెడితే సరిపోదా? కావాల్సినప్పుడు దాన్నే మళ్ళీ చూపిస్తే కొత్తది పుట్టించే బరువు తప్పుతుంది. చేట పక్కన పెట్టి వచ్చి రాసింది. ఖాళీ గళ్ళతోనే దాచి, చూపించి చూస్తే మిషను రోజంతా ఆగకుండా నడిచింది. దాచిపెట్టి, అవసరమైతే బయటికి పిలిచే ఈ విద్య ఆమెకు ఎవరు నేర్పారని అడగాలా? మరునాడు మురళి పక్కంగడి వాళ్ళతో "నాకు ఉన్నట్టుండి తట్టిందప్పా" అంటుంటే, కర్టెను వెనక ఆమె పోపు మాడిపోయింది. ఒళ్ళు భగ్గుమంది. ఆ మంటతోనే టీ గ్లాసులు కడిగింది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున మొదటి బేరంగా ధర్మవరం నుంచి ఓబుళప్ప వచ్చి, తన కొత్త నెమలి అంచు గీయించుకుని వెళ్ళాడు. గంటకు సుంకప్ప దిగాడు. ఆయనదీ ధర్మవరమే, ఓబుళప్పకు రెండు వీధుల అవతల మగ్గాలు. అక్కడ ఒకరి కొత్త అంచు ఇంకొకరి కంట పడకూడదు. పడిందా, వారంలో వీధివీధినా ఆ నెమలే ఆడుతుంది.

నాగమణి లోపలికి పోయింది. మురళి దర్జాగా 'కొత్త డిజైను' అనే మీట నొక్కాడు. ఖాళీ గళ్ళు రావాల్సిన చోట నెమలి పురి విప్పుకుని నిలబడింది.

సుంకప్ప తెర దగ్గరికి వంగి చూసి, చటుక్కున తన కాగితాలు చుట్టేశాడు. "ఇది ఓబుళప్ప పోకడ కదప్పా! ఆయప్పది నాకు చూపిస్తివి. రేపు నాది ఎవురికి చూపిస్తావు?"

"నేను కాదప్పా!" మురళి గొంతు పైకి లేచింది. "ఇదంతా మా ఆడమనిషి రాసింది. వంటింట్లో కూర్చోని రాస్తే ఇట్లే ఉంటాది. ఏయ్, ఈడికి రా!"

పిండి కలుపుతున్న నాగమణి చేయి ఆగింది. తప్పు ఎక్కడుందో ఆమెకు వెంటనే తెలిసింది. కానీ చెవిలో నిలిచిన మాట అది కాదు. 'రాసింది.' రెండేళ్ళలో ఒక్కసారీ అతని నోట రాని మాట, తప్పు దొరగ్గానే ఎంత సులువుగా వచ్చింది! మెప్పు అతనిది, తప్పు ఆమెది. బాగుంది న్యాయం. చేయి కడుక్కుని కర్టెను పక్కకు లాగింది.

"రాసింది నేనేన్నా. తప్పూ నాదే" అంది సుంకప్పతో. "కిటికీ పుట్టేటప్పుడు గళ్ళు చెరపమని రాస్తిని. దాచిన కిటికీ మళ్ళా పుట్టదు కదా, ఉండేదే వస్తాది. చూపించేటప్పుడల్లా చెరిపేమాదిరి ఇప్పుడే మారుస్తాను."

మురళి లేవక తప్పలేదు. ఆమె కూర్చుని ఒక వరుసను తీసి ఇంకోచోట పెట్టింది. కిటికీ దాచింది, చూపించింది. ఖాళీ గళ్ళు. మళ్ళీ దాచింది, చూపించింది. ఖాళీ.

"మరి ఓబుళప్పకు?" అన్నాడు సుంకప్ప.

"నేనే ఫోన్ చేసి చెప్తాను, ఆయప్ప నెమలి మీ కంట పడిందని. తిట్టినా పడతాను."

సుంకప్ప చుట్టిన కాగితాలు బల్ల మీద విప్పాడు. "నువ్వే గీయమ్మా."

మురళి నవ్వు తెచ్చుకున్నాడు. "ఏదో చేయిసాయం చేస్తా ఉంటాదిలేప్పా. మణీ, అయిపాయ కదా, లోపలికి పో. టీ పంపించు."

నాగమణి కుర్చీని బల్ల దగ్గరికి ఇంకాస్త జరుపుకుంది.

"రాసింది నేనని అందరి ముందరా మీరే చెప్తిరి, ఇంగ యాడికి పోయేది?" అని మొదటి గడి నింపింది. "టీపొడి డబ్బా పైఅరలో ఉండాది."