లోపల అరిచినవాడు

బున్‌హోక్‌కు ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి మూడో రాకుమారుడనే దేవుడు పూనుతాడు. రాకుమారుడు పసివాడు. అందుకని యాభై రెండేళ్ల బున్‌హోక్ మెడకు ఎర్ర గుడ్డ కట్టుకుని, నోట్లో పాలపీక పెట్టుకుని, గుడిలో నైవేద్యాలు పెట్టే బల్ల ముందు గెంతుతాడు. వచ్చీరాని మాటలు పలుకుతాడు. వాటిని భక్తులకు విడమరిచి చెప్పడం నా పని. పందొమ్మిదేళ్లుగా చేస్తున్నాను.

మొన్న గుడి సంఘానికి ఫిర్యాదు వచ్చింది. పూనకం అబద్ధమట, మనిషి మెలకువగానే ఉంటున్నాడట. సంఘం అధ్యక్షుడు కో నన్ను పిలిచాడు.

"శనివారం నేనే వచ్చి కూర్చుంటా. దొంగ పూనకమని తేలితే వేరే మనిషిని చూసుకుందాం."

ఆ శనివారం వరుసలో మొదట నిలబడింది బున్‌హోక్ భార్య సియోక్‌గిమ్. ఫిర్యాదు సంగతి ఆమెకు తెలియదు. ఆమె బాధ వేరు. నోట్లో తెల్లమచ్చలు వచ్చాయని డాక్టరు చెప్పాక, వక్క మానేశానని భర్త ఒట్టేశాడు.

"రాకుమారా, మా ఆయన వక్క నిజంగా మానేశాడా? చెప్పు తండ్రీ. నువ్వు చెప్పావని ఆయనకు తెలియనివ్వనులే."

కో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బున్‌హోక్ గెంతడం ఆపి, నోట్లోంచి పాలపీక తీశాడు.

"స్కూటర్ సీటు కింద," అంది పసి గొంతు. "వానకోటులో చుట్టాడు. రెండు పొట్లాలు."

నేను విడమరచాల్సిన పని లేకపోయింది. సియోక్‌గిమ్ బయటికి వెళ్లి పొట్లాలతో తిరిగొచ్చింది.

"దేవుడంటే ఇలా ఉండాలి," అంది అందరికీ చూపిస్తూ. "మొగుడూ ఉన్నాడు, ఎందుకూ?"

కో లేచి దణ్ణం పెట్టాడు. "మెలకువలో ఉన్నవాడెవడైనా పెళ్లానికి ఈ మాట చెబుతాడా? ఫిర్యాదు కొట్టేస్తున్నా."

పూనకం దిగాక బున్‌హోక్ గుడి వెనక మొహం కడుక్కున్నాడు.

"అన్నా, ఇన్నేళ్లూ నేను మెలకువగానే ఉన్నా."

"తెలుసు."

"ఇవాళ కూడా మెలకువే. మానేశాడని చెప్పరా అని లోపల అరుస్తూనే ఉన్నా. నోరు నా మాట వినలేదు."

"అయితే ఇవాళ నిజంగా వచ్చాడు."

"మాట్లాడింది ఆయనైతే, అరిచింది ఎవడు?"

"నువ్వే."

"నేనైతే నా నోరు నా మాట వినదా?"

"వచ్చే శనివారం రాకుమారుణ్ణి అడుగు."

"అడగాలన్నా ఈ నోరే, చెప్పాలన్నా ఈ నోరే కదన్నా!"

అతను వెళ్లి స్కూటర్ సీటు ఎత్తాడు. వానకోటు ఒక్కటే ఉంది. దాన్ని విప్పి దులిపి చూశాడు. తర్వాత జేబులోంచి పాలపీక తీసి నోట్లో పెట్టుకుని, ఇంటికి బండి తిప్పాడు.