డి లో లేనివి

"తుడిచేస్తే ఏం పోతుందే, అన్నీ డి లోనే ఉన్నాయిగా," అన్నాడు మా ఆయన వలుయో, బడికి వెళ్తూ. "సాయంత్రం కంప్యూటర్ బాగుచేసే గాతోత్ వస్తాడు. వాడికి కాఫీ ఇవ్వు."

మా ఊరు సెమరాంగ్‌లో ఈ పని చేసే వాళ్ళందరిదీ ఒకటే వైద్యం. డిస్కు రెండు భాగాలు. సి లో విండోస్, డి లో దాచుకున్నవి. ఏ జబ్బు చేసినా సి తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కిస్తారు, డి జోలికి పోరు. మా ఇంట్లో డి ఆయనది. ప్రశ్నపత్రాలు, బడి ఫొటోలు, అత్తయ్య మక్కా ఫొటోలు. "అందులో నీ చెత్త వేయకు, నాకు వెతుక్కోవడం కష్టం," అన్నాడు కంప్యూటర్ కొన్న కొత్తలో. అందుకని నేను కుట్టే కెబాయా జాకెట్ల కొలత బొమ్మలు డెస్క్‌టాప్ మీదే ఉండిపోయాయి. డెస్క్‌టాప్ అంటే సి. ఎవరి భుజం ఏ వైపు దిగుతుందో, ఎవరు కాన్పు తర్వాత నడుము దగ్గర వదులు అడిగారో అన్నీ అందులోనే. వాటి సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు. చెబితే "ఆ జాకెట్ల బొమ్మలా?" అంటాడు. అనకముందే వినిపించింది.

పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుందామంటే ఫోల్డర్ తెరవగానే తెర నల్లబడి మూసుకుపోతోంది. పాడైన విండోస్ ఫైళ్ళను తుడవకుండానే బాగుచేసే ఆదేశాలు ఉన్నాయని ఫోన్‌లో చదివాను. ఆదేశం టైపు చేసే నల్ల కిటికీ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. అడ్మిన్ ఆయన. నా ఖాతా పేరు "రుమా". మా భాషలో ఇల్లు అని. ఆయనే పెట్టాడు.

బడికి ఫోన్ చేశాను.

"పాస్‌వర్డా? నీకెందుకు?" పక్కన ఎవరో నవ్వుతున్నారు. "మా ఆవిడ ఇంజనీరైందండోయ్! జువానా. మా అమ్మ పుట్టిన ఊరు. ఆ మాత్రం తెలీదూ? ఏదీ కెలక్కు."

ఆదేశం ఇచ్చి, శాతం పెరుగుతుంటే చిన్నుల్లి ఒలుస్తూ కూర్చున్నాను.

"అమ్మాయ్, బియ్యం పొయ్యి మీద పెట్టావా?" అత్తయ్య వంటింట్లోంచి.

"పెట్టాను."

"ఆ పెట్టె ముందు నీకేం పని? వాడొచ్చి చూసుకుంటాడుగా."

నూరు శాతం అయింది. పాడైన ఫైళ్ళు దొరికాయి, కొన్నిటిని బాగుచేయలేకపోయాను అంది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మళ్ళీ చదివాను. దెబ్బతిన్నప్పుడు చూసి దిద్దుకోవడానికి విండోస్ తనలోనే ఒక మంచి ప్రతి దాచుకుంటుందట. ఆ ప్రతి కూడా చెడితే బయటినుంచి తెప్పించాలి. ఆదేశం ఇచ్చాను. ఇంటర్నెట్ లోంచి వస్తూ ఉంది. చిన్నుల్లి వేయించాను, అత్తయ్యకు మందులిచ్చాను, బట్టలు తీశాను. మొదటి ఆదేశం మళ్ళీ ఇచ్చాను. ఈసారి అన్నీ బాగయ్యాయి అంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాక ఫోల్డర్ తెరుచుకుంది. బొమ్మలన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను.

గాతోత్ ఫోన్ చేశాడు. "బు వలుయో, బయల్దేరనా?"

"అవసరం లేదు గాతోత్. బాగైంది."

"సార్ చేశారా?"

బు వలుయో అంటే వలుయో భార్య. బజార్లో, బడిలో, కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళ నోట కూడా నేను అదే. ఫోన్ పెట్టేసి, ఆయన పాస్‌వర్డ్‌తో లోపలికెళ్ళి కొత్త ఖాతా తెరిచాను. పేరు అడిగింది. అలవాటుగా "బు" కొట్టి, చెరిపాను. రెత్నానింగ్సిహ్ అని నా పేరు పూర్తిగా రాశాను. దాన్ని అడ్మిన్ చేసి, ఆయన ఖాతాను నా పాత ఖాతాలాగే మామూలు చేశాను. డి లో నా పేరుతో ఫోల్డర్ పెట్టాను.

ఆయన వచ్చి కంప్యూటర్ వేశాడు. వెలిగింది. "చూశావా అమ్మా, ఏమీ కాలేదు. ఇది ఊరికే కంగారు పడింది," అని అత్తయ్యకు చెప్పి, బడివాళ్ళిచ్చిన మార్కుల ప్రోగ్రాం ఎక్కించబోయాడు. నేను అన్నం వడ్డిస్తున్నాను.

"ఏమే, పాస్‌వర్డ్ అడుగుతోంది. జువానా కొడితే కాదంటోంది." తెరలోకి వంగాడు. "రెత్నానింగ్సిహ్ పాస్‌వర్డ్ కొట్టమంటోంది. ఎవరిది?"

పళ్ళెం ఆయన ముందు పెట్టాను.

"లేవండి," అన్నాను. "నేను కొడతాను."