నొప్పి లేని చేతికి పట్టీ

"గిన్నెలు పై అరలో పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నా చెయ్యి అక్కడిదాకా లేవదని తెలుసుగా!"

"కింది అరంతా నీ కప్పులే నిండిపోతే గిన్నెలు నా నెత్తిన పెట్టుకోనా? పొద్దున్నించీ ఒకటే గోల," అంది తల్లి గరిటె తిప్పుతూనే.

తల్లి మాటకు ఆమెకు ఒళ్లు మండింది. టెన్నిస్‌లో గెలిచిన ఆ కప్పుల్ని వంటింట్లోకి తెచ్చింది ఆమె కాదు. ఆమె కూతురి కప్పులకు హాల్లో అద్దాల బీరువా కావాలని తండ్రే తెచ్చి పడేశాడు. ఒకప్పుడు ఆమె సర్వీస్ కొడితే బంతి కనపడేది కాదనేవాళ్లు. ఇప్పుడు ఆ చేత్తో జడ కూడా వేసుకోలేదు. ముప్పై నిండకుండానే ఆట మానేస్తే, కాపురం కోసమని పేపర్లవాళ్లకు చెప్పిందీ తండ్రే.

ఇంతలో ఆయన మనవరాలిని వెంటబెట్టుకుని ప్రాక్టీసు నుంచి వచ్చాడు.

"రేపు ఫైనల్. మా ఛాంపియన్‌కి కడుపునిండా పెట్టండి."

ఆ ముద్దుపేరు కూడా ఒకప్పుడు ఆమెదే.

ఆమె భర్తతో సహా అందరూ భోజనాలకు కూర్చున్నారు. కూతురి ఎడమ మణికట్టుకు తెల్లపట్టీ ఉంది. ఆమె చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. తండ్రి పాత ఎత్తు అది. నొప్పి లేని చేతికి పట్టీ వేసి పంపితే అవతలివాళ్లు అసలు నొప్పి ఉన్న చెయ్యి వదిలేసి ఆ వైపే బంతులు కొడతారు. ఆమె కుడి భుజానికి నొప్పి తెలియకుండా సూది వేయించి, ఎడమ భుజానికి పట్టీ కట్టి ఇలాగే ఆడించాడు. అవతలివాళ్లు మోసపోయారు గానీ, భుజం మోసపోలేదు.

"ఆ నీళ్ల జగ్గు ఇలా అందివ్వవే," అంది ఆమె కూతురితో.

కూతురు ఎడమ చెయ్యి చాచింది.

"కుడి చేత్తో."

పిల్ల తాతయ్య వంక చూసింది. తర్వాత కుడి చేత్తో జగ్గు లేపబోయింది. మణికట్టు వాలిపోయి నీళ్లన్నీ బల్ల మీద ఒలికాయి.

"తడిచేతులు, జారింది," అన్నాడు తండ్రి గబుక్కున.

"ఎన్నాళ్లుగా నాన్నా?"

"ఏదో కాస్త పట్టేసింది. పొద్దున్నే ఒక సూది వేయిస్తే సరి. దానికి లేని బాధ నీకెందుకు?"

"నాకూ అప్పుడు లేదనే చెప్పావు. ఉందని నన్ను చెప్పనిచ్చావా?"

"నీకేం తక్కువ చేశానే? నేనే లేకపోతే ఎక్కడుండేదానివి?"

"ఇక్కడే ఉండేదాన్ని. నా జడ నేను వేసుకుంటూ!"

ఆ కేకకు భర్త తినడం ఆపేశాడు. తల్లి లేచి పై అరలోంచి గిన్నెలు ఒక్కొక్కటే కిందికి దించసాగింది.

కూతురి ఎడమ చేతి పట్టీని ఆమె లాగేసింది. వాచిన కుడి మణికట్టును తన ఒళ్లోకి తీసుకుంది. గొంతు తగ్గించి, అందరికీ వినపడేలా చెప్పింది.

"రేపు ఇది ఆడదు. చెయ్యి నయమయ్యాక ఆడాలో వద్దో ఇదే చెబుతుంది. ఇకమీదట దీనికి ఆట నేర్పేది మాత్రం నువ్వు కాదు నాన్నా."