ఓబులయ్య లోయరు పరీక్ష

తాలూకా కచేరిలో ఇరవైరెండేళ్లుగా నకలు గుమాస్తాగా ఉన్న ఓబులయ్యకు నలభైయేడో ఏట మళ్లీ ఓనమాలు దిద్దవలసి వచ్చింది. ఇకమీదట నకళ్లన్నీ టైపులోనే పోవాలనీ, ఏడాదిలోగా టైపు లోయరు పరీక్ష నెగ్గని గుమాస్తా కుర్చీ ఖాళీ చేయాలనీ పైనుంచి ఉత్తరువు దిగింది. ఆయన దస్తూరీని మెచ్చుకున్న తాసీల్దారులు ఒకరొకరే బదిలీ అయిపోయారు. ఇప్పటి ఆయనకు దస్తూరీతో పని లేదు.

మార్కాపురం బజారులో, పలకల దుకాణం మీది మిద్దెలో, ముప్పై ఏళ్ల జానీ టైపు నేర్పేవాడు. మొదటినాడు ఓబులయ్య తాంబూలం ముందుంచి గురువుగా నమస్కరించబోతే జానీ కంగారుపడి లేచి నిలబడ్డాడు.

"నాయన వయసోడివి. నీతో మొక్కించుకుంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానీదు మామా."

ఏ మీటపై ఏ వేలు నిలపాలో జానీ ఒక్కొక్కటే చూపుతుంటే ఓబులయ్యకు జపానికి ముందు వేలువేలునా మంత్రం నిలిపే కరన్యాసం నేర్చుకుంటున్నట్లే ఉండేది. అయితే కలం పట్టి అరిగిన ఆ చేతిలో మూడు వేళ్లకే పని తెలుసు. చిటికెన వేలు అరగంటకే వేలాడిపోయేది. పగలంతా కచేరి, ఆపైన మిద్దె మెట్లు. ఇంటికి చేరేసరికి అన్నం కలుపుకొనే ఓపిక కూడా మిగిలేది కాదు. భార్య పాపమ్మ ఆ వేలికి ఆముదం రాసేది. పదకొండు నెలలు అట్లాగే గడిచాయి.

పరీక్ష నంద్యాలలో. ఎవరి మిషను వారే తెచ్చుకోవాలి. దుప్పట్లో చుట్టిన జానీ మిషనుతో గురుశిష్యులిద్దరూ రైలెక్కి, దాన్ని వంతులవారీగా ఒడిలో పెట్టుకున్నారు. గిద్దలూరు దాటాక అడవిలో బండి కుదిపింది.

"గట్టిగా పట్టుకో మామా. ఇది కిందపడిందంటే మనిద్దరికీ పలకలు మోసే పనే," అన్నాడు జానీ.

హాలులో కాగితాలు పంచారు. గంట కొట్టేలోపు ఎవరి నెంబరు వారు వేసుకోవాలి. ఓబులయ్య పెన్సిలుతో నెంబరు వేసి, ఇన్నేళ్లూ ప్రతి కాగితం మొదలుపెట్టిన తీరునే, పైన నడుమ 'శ్రీ' రాశాడు. రాసిన సంగతి ఆయనకే తెలియలేదు. సూపర్వైజరు వచ్చి పక్కన నిలిచినప్పుడు తెలిసింది.

నెంబరు తప్ప మరే గుర్తు ఉన్నా, దిద్దేవారికి మనిషిని తెలిపే సైగగా ఎంచి కాగితం కొట్టివేస్తారని ఆ సూపర్వైజరు నెమ్మదిగా చెప్పాడు. వేరే కాగితం ఇచ్చే వీలు లేదట. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయట. రబ్బరు బల్లమీద పెట్టి, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

రాసిన శ్రీకారాన్ని ఓబులయ్య ఎన్నడూ చెరపలేదు. పాడైన చిత్తుకాగితాన్నయినా పారే నీటిలో విడిచేవాడే గాని కాళ్లకింద పడనిచ్చేవాడు కాదు. రబ్బరు చేతిలోకి తీసుకున్నాడు. స్వామి నామం తలచుకొని క్షమాపణ వేడుకుందామనుకున్నాడు, నోరు కదలలేదు. ఎక్కిన మెట్లు, ఆముదపు గిన్నెతో కూర్చున్న పాపమ్మ, ఇవే కళ్లముందుకు వచ్చాయి. కాగితం చిరగకుండా మెల్లగా తుడిచాడు. రబ్బరు పొట్టును ఊదలేదు. వేలితో కూడదీసి జేబులో వేసుకున్నాడు.

గంట కొట్టారు.

బయట జానీ ఎదురొచ్చి ఎట్లా కొట్టావని అడిగితే, ఒక్క అక్షరమూ తప్పు పోలేదన్నాడు.

"మరి మొగమేంది అట్ల పెట్టినావు?"

"అలిసినాలే, అల్లుడా."

రెండు నెలలకు, నెగ్గినట్లు కాగితం వచ్చింది. కచేరిలో కొత్త మిషను ముందు కూర్చున్న మొదటినాడు ఓబులయ్య కాగితం ఎక్కించి, చేయి పెన్సిలు వైపు పోతుందేమోనని కాసేపు చూశాడు.

పోలేదు. మొదటి అక్షరం కొట్టాడు.