రేవులో దొరికిన అతిథి

సముద్రపు ఒడ్డునున్న స్ప్లిట్ నగరంలో అద్దె గది దొరికిందంటే తొమ్మిది నెలలకు దొరికిందనే అర్థం. సెప్టెంబరు నడిమిలో తాళంచెవి చేతిలో పెడతారు, జూన్ మొదట్లో లాక్కుంటారు. ఎండాకాలం ఊరు ఊరివాళ్ళది కాదు, ఓడలు దిగేవాళ్ళది. నర్సులు, టీచర్లు, హోటళ్ళలో అంట్లు తోమేవాళ్ళు అందరూ జూన్ రాగానే మూటాముల్లే సర్దుకుని ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. ఇదేం పద్ధతయ్యా అని అడిగితే "సీజన్" అంటారు. ఆ ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూతపడతాయి.

మిర్తా లాండ్రీలో పని చేస్తుంది. ఊళ్ళో టూరిస్టులు దొర్లిన దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. పొద్దున్నుంచీ ఆవిరిలో నిలబడి ఊరందరి పక్కబట్టలూ ఇస్త్రీ చేస్తుంది. తను నడుం వాల్చడానికి మాత్రం ఇప్పుడు మంచం లేదు. దీనికి సిగ్గుపడాల్సింది ఆమె కాదు, ఊరు. కానీ సిగ్గుపడుతున్నది ఆమే.

చలికాలమంతా ఆమె వరోష్ పేటలో, మెట్ల సందు చివర, పెరినా పెద్దమ్మ ఇంట్లో అద్దెకుంది. పెరినా చేపలు పట్టేవాడి భార్య. భర్త పోయాడు, పింఛను మందులకే చాలదు, పైకప్పు కారుతోంది. ఉన్న ఒక్క పడకగదినీ చలికాలం మిర్తాకు, వేసవిలో టూరిస్టులకు ఇచ్చి, తను వంటింట్లో పడుకుంటుంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఇద్దరు లేనివాళ్ళను ఒక గదికోసం కొట్టుకోమని వదిలేసి, ఆ గోల వినబడనంత దూరంలో ఎవడో హాయిగా బతుకుతున్నాడు.

గది ఖాళీ చేసిన రోజున ఇద్దరూ గట్టిగానే అరుచుకున్నారు. "కొండ అవతలి మొద్దు" అంది పెరినా. మిర్తాది కొండలు దాటాక వచ్చే మెట్ట ఊరు, సముద్రం వాళ్ళకు ఆ ఊళ్ళంటే చులకన. "నీ గదిని నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు" అని మిర్తా తలుపు ధడాలున వేసి వచ్చేసింది.

తర్వాత నెల రోజులూ ఎదురుగా ఉన్న షోల్టా దీవిలో, లాండ్రీలో తనతో పనిచేసే ఆవిడ ఇంట్లో సోఫా మీద పడుకుని రోజూ ఓడలో పనికి వచ్చింది. ఇవాళ ఆ ఇంటికి జర్మనీ నుంచి చుట్టాలు దిగారు. సోఫా కూడా పోయింది. తెలిసిన తలుపులన్నీ ముందే తట్టి చూసింది. చౌక గది అన్నచోటల్లా వారానికే ఆమె నెల జీతం అడిగారు. ఇక మిగిలింది నాలుగింటి బస్సు. ఎక్కితే కొండ అవతల పుట్టిన ఊరు, పని ఊడినట్టే. రేవు పక్కనే బస్టాండు.

ఓడ దిగేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. ఆ ఇంటావిడ ఇచ్చిన పెద్ద గడ్డి టోపీ, బ్లీచింగుకు మండే కళ్ళకు నల్లద్దాలు, చేతిలో చక్రాల పెట్టె. నడిచి వస్తుంటే ఎవరైనా టూరిస్టనే అనుకుంటారు.

అనుకున్నారు కూడా.

రేవు గట్టున "గదులు" అని రాసిన అట్టముక్కలు పట్టుకుని ముసలమ్మలు నిలబడి ఉన్నారు. ఒకప్పుడు గుంపులుగా ఉండేవాళ్ళు. ఇప్పుడు అందరూ ఫోనులోనే గది చూసుకుని వస్తున్నారు, తలుపు పక్కన వేలాడే డబ్బా మీద అంకెలు నొక్కి అందులోంచి తాళంచెవి తీసుకుంటున్నారు, ఇంటివాళ్ళ మొహం కూడా చూడరు. ఇంకా పట్టు వదలని నలుగురైదుగురిలో పెరినా ఒకతి. పువ్వుల గౌను, చంకలో అట్టముక్క. రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషన్ అక్టోబరుకు వాయిదా వేసుకుంది. పన్ను నొప్పయినా, పెళ్ళయినా, పాత తగువయినా ఈ ఊళ్ళో అన్నీ అక్టోబరుకే వాయిదా.

పెరినా జర్మన్‌లో ఒక ముక్క, ఇటాలియన్‌లో ఒక ముక్క కలిపి గది, గది అని అరుస్తూ వచ్చి మిర్తా పెట్టె పిడి పట్టేసుకుంది. మొహమంతా నవ్వు. ఆ నవ్వు మిర్తా తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు.

మిర్తా నోరు తెరవబోయింది. ఇంతలో అట్టముక్క పట్టుకుని గొడుగు కింద కూచున్న మరో ముసలమ్మ ఫ్రానా కేక వేసింది.

"ఏమ్మోయ్ పెరినా, ఈ వారానికి ఇదేనా నీ మొదటి చేప?"

"నీ వలలో అదీ పడలేదుగా! గొడుగు కింద కూచుంటే చేపలు ఒడిలోకి దూకుతాయా?" అంది పెరినా గర్వంగా.

మిర్తా నోరు మూసుకుంది. ఇప్పుడు నిజం చెబితే, తొమ్మిది నెలలు ఇంట్లో ఉన్న పిల్లనే గుర్తుపట్టలేదని రేవు రేవంతా నవ్వుతుంది. ఈ ముసలిదానికి ఆ పరువొక్కటే మిగిలింది. కాస్త దూరం వెళ్ళాక చెబుదాం అనుకుంది.

కాస్త దూరం వెళ్ళాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఎందుకంటే పెరినా మాట్లాడటం మొదలుపెట్టింది. పరాయి మనిషికి తన భాష రాదనే ధైర్యంతో, పెట్టె ఈడ్చుకుంటూ, రొప్పుకుంటూ, సొంత భాషలో.

"నీకెలాగూ ముక్క అర్థం కాదు కాబట్టి చెబుతున్నానమ్మా. ఇదిగో ఈ ఇంట్లో మాతే అని ఒకాయన ఉండేవాడు, ఇప్పుడు డబ్బా వేలాడుతోంది. ఆ ఇంట్లో మా తోడికోడలు, అక్కడా డబ్బానే. చలికాలంలో ఈ సందులో పిల్లి తప్ప పలకరించే నాథుడు లేడు."

మిర్తా పెట్టె పిడి పట్టుకోబోతే పెరినా చెయ్యి తోసేసింది.

"వద్దొద్దు, అతిథివి నువ్వు. మా ఇంట్లో ఒక పిల్ల ఉండేదిలే. కొండ అవతలిది. మొండిఘటం. కాఫీ అంటే నిలబడి గుటుక్కున మింగి వెళ్ళిపోయేది, కూచుని తాగడం చేతకాదు. కానీ పనినుంచి వచ్చిందంటే ఇల్లంతా సబ్బు వాసన. గోడలకు రంగు వేసింది. నేను దగ్గితే పక్కగదిలోంచి 'బతికే ఉన్నావా పెద్దమ్మా' అని అరిచేది. ఇప్పుడు దగ్గితే గోడ కూడా పలకదు. వెళ్ళగొట్టాను. నోటికొచ్చినట్టు తిట్టి మరీ వెళ్ళగొట్టాను. ఆ రోజు దక్షిణపు గాలి, ఆ గాలిలో ఈ ఊళ్ళో ఎవరి బుర్రా పనిచెయ్యదు. గాలి తగ్గింది, పిల్ల మాత్రం రాలేదు."

టోపీ కింద మిర్తా మొహం కందిపోయింది. ఏడుపో నవ్వో తనకే తెలియలేదు.

ఇంటికి చేరాక పెరినా ఆమెను వంటింట్లో కుర్చీలో కూచోబెట్టి చల్లటి నీళ్ళు, ఒక పళ్ళెం నిండా అంజూర పళ్ళు, వేయించిన చిన్న చేపలు ముందు పెట్టింది. మిర్తా పళ్ళెం వంక చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"తొమ్మిది నెలలు అద్దె కట్టానే, ఒక్క అంజూర పండు పెట్టావా పెద్దమ్మా?" అంటూ టోపీ, నల్లద్దాలు తీసేసింది.

పెరినా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. దగ్గరకు వచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"నువ్వా! దొంగమొహమా! నీ పెట్టె ఇన్ని మెట్లు ఎక్కించానే!"

"ఇవ్వమంటే ఇచ్చావా?"

"నోట్లో నాలుక లేదూ? రేవులోనే చెప్పాలిగా!"

"ఫ్రానా చూస్తోందిగా."

పెరినా కుర్చీ లాక్కుని కూచుంది. నెమ్మదిగా అడిగింది. "మెట్ల మీద నేను అన్నదంతా విన్నావా?"

"అంతా విన్నాను."

"మర్చిపో."

"మర్చిపోను. కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుందామనుకుంటున్నా."

"ఛీ, మొద్దు పిల్ల" అంది పెరినా. కానీ చేపల పళ్ళెం ఆమె వైపుకే జరిపింది. "ఇంతకీ పెట్టె వేసుకుని ఎక్కడికి?"

"నాలుగింటి బస్సుకి. ఊళ్ళో గది లేదు. రేపటినుంచి పనీ లేదు."

ఇద్దరూ గోడమీది గడియారం వైపు చూశారు. మూడు దాటింది. పెరినా ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళు నలుపుకుంది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"గది ఇవ్వలేనే. శనివారం పోలండువాళ్ళు వస్తున్నారు, అందాకా ఎవరైనా దొరికితే వాళ్ళకివ్వాలి. ఆ డబ్బులు రాకపోతే ఈ చలికాలం పైకప్పు నెత్తిన పడుతుంది."

"నేనేం అడిగానా?"

"అడగవు. అదే నీ జబ్బు. నువ్వు అడగవు, నేను చెప్పను. ఇద్దరం మొద్దులమే."

పెరినా లేచింది. తన ఇనప మంచాన్ని కాలితో గోడవైపు తోసింది. చూపుడువేలితో ఖాళీని కొలుస్తున్నట్టు గాల్లో గీత గీసింది. బల్లను బయట వరండాలోకి లాగమంది. మిర్తా లాగింది. ఇంకో మంచం పట్టేంత చోటు తేలింది. పొయ్యి మాత్రం కాళ్ళకు తగులుతుంది.

"వంటింట్లో ఎంతమందిమైనా పడుకోవచ్చు. వంటింటికి అద్దె పుచ్చుకుంటే మా ఆయన సమాధిలోంచి లేచొస్తాడు" అంది పెరినా.

"ఊరికే ఉండను."

"ఉండమన్నదెవరు? పొద్దున్నే నీ పనికి ముందు రేవుకు నాతో రా. మొహాలు చూసి చెప్పు. మొన్న కరెంటు స్తంభాన్ని పట్టుకుని గది కావాలా అని అడిగాను."

మిర్తా నవ్వి నవ్వి దగ్గింది. నవ్వు ఆగాక గట్టిగానే అంది. "కళ్ళ ఆపరేషన్ ఇప్పుడే చేయించుకో. గది నేను చూసుకుంటా."

"అక్టోబరు."

"ఈ నెల."

"అక్టోబరన్నానా! సీజన్‌లో కళ్ళకు కట్లు కట్టుకుని కూచుంటే ఫ్రానా నా అతిథులందరినీ ఎగరేసుకుపోతుంది."

అది తేలలేదు. నాలుగింటి బస్సు హారన్ కింద రోడ్డుమీదనుంచి వినబడింది. ఇద్దరిలో ఎవరూ అటు చెవి పెట్టలేదు.

దీన్ని పరిష్కారమని ఎవరూ అనుకోకూడదు. వంటింట్లో రెండు మంచాలు వేసినంత మాత్రాన ఈ ఊరు బాగుపడిపోలేదు. ఇవాళ్టికి కూడా పెట్టెలు సర్దుకుని తిరుగుతున్న నర్సులున్నారు, టీచర్లున్నారు, వాళ్ళందరికీ రేవులో ముసలమ్మ తగలదు. డబ్బాల్లో తాళంచెవులు అలాగే వేలాడుతున్నాయి. వాటిని పీకేవాళ్ళు కావాలి.

కానీ ఆ సాయంత్రం మెట్ల సందు చివర వంటింట్లో జరిగిన పెద్ద యుద్ధం వేరు. కిటికీ గురించి.

"తలుపూ కిటికీ రెండూ తీస్తే గాలి అడ్డంగా కొడుతుంది, మెడ పట్టేస్తుంది, చచ్చిపోతాం" అంది పెరినా దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

"పొయ్యి పక్కన మూసుకు పడుకుంటే ఇప్పుడే చచ్చిపోతాం" అంది మిర్తా.

"మా అక్క మెడ అలాగే పోయింది."

"మీ అక్క తొంభై ఏళ్ళు బతికిందిగా!"

"మెడ లేకుండా బతికింది!"

మిర్తా లేచి కిటికీ తెరిచింది. పెరినా లేచి మూసింది. మిర్తా మళ్ళీ తెరిచింది, ఈసారి సగమే. చీకట్లో ఇద్దరూ మళ్ళీ పడుకున్నారు. తర్వాత పెరినా గట్టిగా దగ్గింది, కావాలనే.

"బతికే ఉన్నావా పెద్దమ్మా?"

"ఊఁ" అంది పెరినా. కిటికీ జోలికి మాత్రం పోలేదు.