ఎడమ కొసన ముడి

విత్తనాల కంపెనీ పెద్దమనుషులారా, ఆ మొగుడూ పెళ్లాలను విడదీసింది మీరే. తగాదా పెట్టలేదు, చాడీలు చెప్పలేదు, ఒక్క కాగితం రాశారు. భార్యాభర్తలు ఒకే చోట, ఒకే షిఫ్టులో పనిచెయ్యకూడదట. ఒకరికి జ్వరమొస్తే ఇద్దరూ మానేస్తారట. వాళ్ల పెళ్లికి వచ్చి బిర్యానీ తిన్న చేతులతోనే మరుసటి సోమవారం ఆ కాగితం మీద సంతకం పెట్టారు.

దాదా ఖలందర్‌ను నంద్యాల ప్లాంటులో రాత్రి షిఫ్టుకు వేశారు. అతని భార్య మున్నీని ఆళ్లగడ్డ ప్యాకింగ్ షెడ్డుకు, పగటి షిఫ్టుకు మార్చారు. అయినా ఆదివారాలు మిగిలాయి. ఏప్రిల్ మూడో వారం వచ్చింది. సీజన్ అన్నారు, ఆ ఆదివారాలు కూడా తీసేశారు.

అప్పటినుంచి నంద్యాలలో వాళ్లుండే గది సంగతి ఇది. పొద్దున ఆరున్నరకు మున్నీ తాళం వేసి ఆళ్లగడ్డ బస్సెక్కుతుంది. ఎనిమిదిన్నరకు ఖలందర్ వచ్చి తాళం తీస్తాడు. సాయంత్రం ఏడింటికి అతను తాళం వేసి ప్లాంటుకు పోతాడు. ఎనిమిదికి మున్నీ వచ్చి తాళం తీస్తుంది. ఒకటే చాప, ఒకటే దిండు. దిండు మీద అతని తలనూనె వాసన ఉంటుంది, తల ఉండదు.

అయినా వాళ్లు కాపురం చేశారు. మున్నీ పోయేముందు ఉగ్గానికి ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు తరిగి, పుట్నాలపొడి కొట్టి మూత పెట్టి పోతుంది. ఖలందర్ వచ్చి బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తిరగమాత వేసుకుని తింటాడు. సాయంత్రం పోయేముందు అతను ఆమెకు జొన్నరొట్టెలు తడతాడు. అంచు పగలకుండా తడతాడు, ఆడవాళ్లకే రాని పని అది. వాటిని గుడ్డలో చుట్టి పెడతాడు. నీళ్ల కుండకు తడిగోనె చుట్టి పోతాడు, ఆమె వచ్చేసరికి నీళ్లు చల్లబడాలని. ఎండాకాలపు ఉక్కలో బస్సు దిగి వచ్చి మున్నీ మొదట తాగేది ఆ నీళ్లు. తాగి, "అబ్బా" అంటుంది. వినేవాడు గదిలో ఉండడు.

వీటన్నిటికంటే పెద్ద పని బొంత. ఖలందర్ దూదేకుల ఇంట్లో పుట్టినవాడు. ఆళ్లగడ్డలో వాళ్ల నాయనకు పరుపులు కుట్టే అంగడి ఉండేది. ఫోమ్ పరుపులొచ్చి అంగడి మూతపడింది, సూది పట్టే చెయ్యి కొడుక్కు మిగిలింది. తల్లి పాత చీరలు నాలుగు, నాయన లుంగీలు రెండు పరిచి, ఇద్దరు పడుకునేంత బొంత మొదలుపెట్టారు. తలాపు వైపు నుంచి అతను తెల్లదారంతో, కాళ్ల వైపు నుంచి ఆమె ఎర్రదారంతో. అతను నిద్రలేచాక వరసో రెండు వరసలో కుడతాడు. ఆమె తిన్నాక వరసో రెండో కుడుతుంది. అతని ప్రతి వరసా కుడి కొసన జొన్నగింజంత ముడితో మొదలవుతుంది. అక్కడినుంచి కుట్లు చీమలబారు మాదిరి ఎడమకు పోతాయి. బక్రీదుకు రెండు దారాలూ నడుమ కలవాలి. ఆ రోజు ఇద్దరికీ సెలవు కావాలని మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. ఒక్క రోజు.

ఫోను లేదా అంటారు. ఉంది. ప్లాంటు గేటు దగ్గర ఫోను పెట్టెలో వేసి లోపలికి పోవాలి. షెడ్డులోనూ అంతే. మిగిలింది రోజుకు పది నిమిషాలు, సాయంత్రం అతను నడిచి పోతుంటే, ఆమె బస్సులో వస్తుంటే.

"ఏమ్మే, యాడుండావ్?"

"సిరివెళ్ల దాటినాం. రొట్టెలు చేసినావా?"

"మూడు చేసినా. ఒకటి తినేసినా."

"దొంగ! నీ వాటాలో తిన్నావా, నా వాటాలోనా?"

"అది తిన్నాక ఆలోచన వచ్చింది లే. పోయి బొంత చూడు. ఈ పొద్దు రెండు వరసలు."

"నేను మూడు కుడతా. నీకంటే ముందు నేనే నడుమకొస్తా."

"రా, రా. గేటు వచ్చింది, పెడతాండా."

ఆ తర్వాత ఆమె కిటికీలోంచి చీకటిపడే పొలాలు చూస్తూ కూర్చుంటుంది. గదికి వచ్చి ఒక్కతే తింటుంది.

మే నెల మూడో వారం. బుధవారం సాయంత్రం మున్నీ తాళం తీస్తే గుడ్డలో రొట్టెలు లేవు. బేకరీ బ్రెడ్డు పొట్లం ఉంది. "పిండి అయిపోయినాది మే," అని ఫోనులో చెప్పి ఉన్నాడు. డబ్బా తీసి చూస్తే పిండి సగానికి ఉంది. కుండ చుట్టూ గోనె లేదు, నీళ్లు వేడిగా ఉన్నాయి. బొంత విప్పి చూసింది. ఒకే వరస. బెత్తెడు బెత్తెడు కుట్లు, తాగినోడు నడిచినట్టు వంకర. ముడి ఎడమ కొసన.

ఆమె ఏమనుకుంది? మనిషి విసిగిపోయాడు అనుకుంది. గోడకు ఆనుకుని, అటు తిరిగి, ఇటు తిరిగి, ఏదో ఒకటి కుట్టి పడేశాడు అనుకుంది. పెళ్లయి ఐదు నెలలు, మొగుణ్ని చూసి ముప్పై రోజులైంది. మనిషి కనపడకపోతే అతను చేసిన వస్తువును బట్టే అతన్ని లెక్కగట్టాలి. మున్నీ బ్లేడు తీసుకుని ఆ వరస మొత్తం కోసి దారం పీకేసింది.

గురువారం మళ్లీ బ్రెడ్డే. మళ్లీ వంకర వరస. మళ్లీ కోసింది. శుక్రవారం ఫోనులో అడిగేసింది.

"ఏంది సామీ, కుట్లు గంతులేస్తాండాయి?"

"నిద్ర సాలల్యా."

"పిండి డబ్బాకు గూడా నిద్ర సాలల్యా? సగానికుండాది."

అవతల నడక చప్పుడు. తర్వాత, "చూడల్యా మే. గేటు వచ్చింది," అని పెట్టేశాడు. గేటు రావడానికి ఇంకా ఐదు నిమిషాలు పడుతుందని ఆమెకు తెలుసు. ఆ ఐదు నిమిషాలు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం కూడా వరస కోసింది. తను ఒక్క కుట్టూ వెయ్యలేదు. బొంతను మడిచి మూలకు తోసింది.

శనివారం ఆళ్లగడ్డ షెడ్డులో సంచుల మూతులు కుట్టే మిషన్ చెడిపోయింది. అందరి చేతికీ సూదులిచ్చి కూర్చోబెట్టారు. మున్నీ పక్కన లూదియా అనే పిల్ల, కొత్తగా చేరింది. లూదియా కుట్టిన సంచిని లాగి చూసి మున్నీ ఆగిపోయింది. ముడి ఎడమ కొసన ఉంది.

"ఏందే, ఆ పక్క నుంచి కుడతాండావ్?"

"నాది ఎడమ చెయ్యి గదక్కా. కుడి చేత్తో నాకు అన్నం తినేదే కష్టం. ఎడమ చేత్తో కుడితే ఆ పక్క నుంచే వస్తాది."

మున్నీ సూది కింద పెట్టింది. లేచింది.

"యాడికక్కా? సూపర్‌వైజరు చూస్తాండాడు!"

"చూడనీ."

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆమె నంద్యాల గది తలుపు తోసింది. ముప్పై మూడు రోజుల తర్వాత మొగుణ్ని చూసింది. చాప మీద నిద్రపోతున్నాడు. గడ్డం పెరిగింది. కుడి చెయ్యి పక్కన విడిగా, ఎవరిదో అన్నట్టు పడి ఉంది. చూపుడు వేలికీ మధ్య వేలికీ కలిపి కట్టు. కొసల దగ్గర కట్టు గోధుమరంగుకు తిరిగింది. ఆ రెండు వేళ్లూ పొట్టిగా ఉన్నాయి.

లేపలేదు. బొంత ఒళ్లో వేసుకుని గోడకు కూర్చుంది. తాను దారం పీకేసిన చోట సూదిరంధ్రాలు మిగిలే ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ పోయింది. పక్కనే మనిషి ఉన్నాడు. అయినా ఆ గదిలో ఆమె అంత ఒంటరిగా ఎప్పుడూ కూర్చోలేదు.

రెండింటికి అతను కళ్లు తెరిచాడు.

"ఎవురు? ఏమ్మే... ఈ టైములో ఏందీ?" అంటూ చెయ్యి దిండు కిందికి తొయ్యబోయాడు.

"దాయొద్దు. చూసినా."

చెయ్యి తీసి చాప మీద పెట్టాడు. "మిషన్ బెల్టులో గింజలు ఇరుక్కున్యాయి. తీస్తాంటి. పట్టేసింది."

"మిషన్ ఆపల్యా?"

"ఆపితే మా సూపర్‌వైజరు కరుణాకర్ సార్ అరుస్తాడు. ఆ బెల్టుకు మూత గూడా ల్యా. కట్టు కట్టిచ్చి కాగితం మీద సంతకం పెట్టిచ్చుకున్యాడు, ఎడమ చేత్తో. ఇంట్లో కత్తిపీటకు తెగినాయని రాసినారు. ఎవురికన్నా చెప్తే ఇద్దరినీ తీసేస్తామన్యాడు. రోజూ వచ్చి ఆడ గమ్మున కూసోమన్యాడు."

"నాకు గూడా చెప్పవా?"

"చెప్తే నువ్వు గమ్మునుంటావా? కుట్టకపోతే నీకు తెలిసిపోతాదని ఎడమ చేత్తో కుట్టినా."

"నేను కోసేసినా. మూడు దినాలూ."

"చూసినా లే. అంత చెడ్డ కుట్టు మా నాయన చూసుంటే నన్నే కోసేసుండేవాడు."

ఆమెకు నవ్వు రాలేదు. లేచి బొరుగులు నానబెట్టింది. ఉల్లిపాయలు చాకుతో తరిగింది. ఆ ఇంట్లో కత్తిపీట లేదు. పెళ్లయిన రోజు నుంచీ లేదు. కాపురం పెట్టినప్పుడు చాకొక్కటే కొనుక్కున్నారు. పెద్దమనుషులారా, మీరు రాసిన అబద్ధం అతకడానికి ఒక కత్తిపీటైనా ఉందేమో కనుక్కోలేదు. వాళ్లిద్దరూ కలిసి ఉండడానికే మీరు వీల్లేకుండా చేసిన ఇంటి మీదికే మీ మిషన్ చేసిన పాపం తోశారు.

ఇద్దరూ ఒకే పళ్లెంలో ఉగ్గాని తిన్నారు. అతను ఎడమ చేత్తో చంచాతో తింటుంటే బొరుగులు రాలాయి. ఆమె ఏరి అతని వైపు పెట్టింది. ఏడింటికి అతను పోవాలని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ప్లాంటు గేటు దగ్గరికి ఇద్దరూ పోయారు. మున్నీ చేతిలో కొత్త కాగితం. చెయ్యి ఎక్కడ తెగిందో నిజం రాసిన కాగితం. సూపర్‌వైజర్ కరుణాకర్ దాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎండీ గారు ఊళ్లో లేరు. వచ్చినాక చూస్తాం. నువ్వు డ్యూటీ వదిలేసి వచ్చినావంట. ఇంక ఆళ్లగడ్డకు పోబాకు. ఏమప్పా ఖలందరూ, నువ్వు వస్తాండావా, నువ్వు గూడా పోతావా?"

ఖలందర్ ఆమె వైపు చూశాడు. ఇద్దరికీ పని పోతే ఆ గదీ ఉండదు. "పో," అంది మున్నీ. అతను ఎడమ చేత్తో ఫోను పెట్టెలో వేసి లోపలికి పోయాడు. గేటు పడింది. ఆమె ఒక్కతే నడుచుకుంటూ వచ్చి తాళం తీసింది.

ఇది జరిగి నాలుగు రోజులు. ఆ కాగితం ఇంకా కరుణాకర్ జేబులోనే ఉంది. ఇప్పుడు పగలు ఇద్దరూ గదిలోనే ఉంటున్నారు కదా అని వెక్కిరించకండి. అతను నిద్రలో ఉంటే ఆమె పని కోసం ఊరంతా తిరుగుతోంది. బక్రీదు దగ్గరికొచ్చింది. బొంత నడుమ జానెడు గుడ్డ ఇంకా ఖాళీగా ఉంది.

పెద్దమనుషులారా, ఆ జేబులో కాగితం బయటికి తియ్యండి. కత్తిపీట కాగితం చింపండి. చెయ్యి మీ బెల్టులో పోయిందని రిజిస్టరులో రాయండి, తేదీ వెయ్యండి, అతనికి రావలసిన వైద్యం ఇప్పించండి. బెల్టుకు ఇనప మూత బిగించండి. మున్నీని తిరిగి పనిలోకి తీసుకోండి, నంద్యాలలో, పగటి షిఫ్టులో. ఖలందర్‌నూ అదే షిఫ్టుకు మార్చండి. ఇద్దరికీ వారానికి ఒకే రోజు సెలవు రాసివ్వండి. ఎండీ వచ్చాక కాదు, సీజన్ అయ్యాక కాదు. ఈ సాయంత్రం ఏడింటికి ఖలందర్ ఆ గది తలుపుకు తాళం వెయ్యకముందే చెయ్యండి.