హంసలదీవి పేరు చెప్పలేదు

వీరదుర్గ వాకిట్లో కూర్చుని చేటలో ఎండు నెత్తళ్లు పోసి ఇసుక రాలగొడుతోంది. మనవరాలు శ్రీలేఖ అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ పాఠం అప్పజెప్పుకుంటోంది. బందరు కాలేజీలో పీజీ చదువుతోంది ఆ పిల్ల. శుక్రవారం క్లాసులో సెమినార్ ఇవ్వాలి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా తన సైన్యాన్నీ వేగు శాఖల్నీ ఎలా మార్చి కట్టుకుందన్నది విషయం. ఎదురుగా వినేవాళ్లుంటేగానీ శ్రీలేఖకి నోరు పెగలదు. అందుకని మామ్మని కదలనివ్వడం లేదు.

మొదట్లో వీరదుర్గ చెవిన పెట్టలేదు. జపాను వాళ్లు రహస్యంగా పంపుకునే కబుర్లను అమెరికా వాళ్లు పట్టుకుని చదివేవాళ్లట. చదివేవాళ్లలో రెండు జట్లు, నేల సైన్యం వాళ్లొకటి, నౌకాదళం వాళ్లొకటి. ఒకరంటే ఒకరికి పడదు. చివరికి సరి తేదీల్లో వీళ్లు, బేసి తేదీల్లో వాళ్లు చదివేట్టు వంతులేసుకున్నారట. అక్కడికొచ్చేసరికి వీరదుర్గకి నవ్వొచ్చింది.

"గుడివాడలో నేనూ రత్నం కూర్చున్నట్టేనన్నమాట."

గుడివాడ చేపల మార్కెట్లో వాళ్లిద్దరికీ కలిపి ఒకటే చోటు. ఒకరోజు రత్నం ముందు, వీరదుర్గ వెనక. మర్నాడు వీరదుర్గ ముందు, రత్నం వెనక. పన్నెండేళ్లుగా వంతు తప్పలేదు.

"అచ్చంగా అంతే మామ్మా. కాకపోతే మీరిద్దరూ అన్నీ చెప్పుకుంటారు. వాళ్లు చెప్పుకోలేదు" అంది శ్రీలేఖ.

వీరదుర్గ చేతిలో చేట ఆగిపోయింది. ఆ పిల్ల చూసుకోలేదు, చెప్పుకుపోతోంది. ఒకరికి ఒక ముక్క తెలుసు, ఇంకొకరికి ఇంకో ముక్క తెలుసు. రెండూ ఒకచోటికి చేరలేదు. ఒక ఆదివారం పొద్దున్నే జపాను విమానాలు వచ్చి పెర్ల్ హార్బర్‌లో లంగరేసి ఉన్న ఓడల మీద బాంబులు కురిపించాయి. రెండు వేల మంది పైగా పోయారు. యుద్ధం ముగిశాక కమిటీ వేసి అందర్నీ కూర్చోబెట్టి అడిగారు. తర్వాత, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, కొత్త చట్టం తెచ్చారు. సైన్యాలన్నిటి మీదా ఒక మంత్రి. అధ్యక్షుడి దగ్గర కూర్చుని ఆలోచన చెప్పే ఒక మండలి. ఎక్కడి కబురైనా వచ్చి చేరే ఒక కేంద్ర సంస్థ, అదే సీఐఏ.

"మరి తప్పెవరిదని తేల్చారు?" అని అడిగింది వీరదుర్గ.

"అక్కడున్న ఇద్దరు పెద్ద అధికారుల్ని అప్పుడే తీసేశారు. అయితే చాలామంది అన్నది, తప్పు ఏ ఒక్క మనిషిదీ కాదు, కబుర్లన్నీ ఒకచోట చేర్చే ఏర్పాటు లేకపోవడమే అని."

వీరదుర్గకి గుండెల మీది బరువు కాస్త దిగినట్టయింది. ఏర్పాటు లేకపోవడమే. ఆ మాట రెండుసార్లు లోపల అనుకుంది.

ఆమె దాచింది చిన్న సంగతి కాదు. రెండు నెలల కిందట ఆమె కొడుకు రాజకుమార్ బోటుకి దక్షిణాన హంసలదీవి కింద చందువా చేపలు తెగ పడ్డాయి. సోమవారం పొద్దున తిరిగొస్తూ ఫోనుకి సిగ్నల్ అందగానే తల్లికి చెప్పాడు. బాబ్జీ మావయ్య బోటు కూడా అక్కడికి వచ్చేసిందనీ, ఇంకెవరికీ చోటు చెప్పొద్దనీ అన్నాడు. చెప్పకపోవడం ఆ జాలర్ల పాలెంలో మామూలే. చేపలు పడే చోటు ఎవరూ చెప్పరు. ఎవరడిగినా ఆడవాళ్లు ఉల్టా దిక్కు చూపిస్తారు. అడిగినవాళ్లకీ అది అబద్ధమని తెలుసు, నవ్వుకుని పోతారు. రాజకుమార్ సరుకు దించి, ఐసు వేసుకుని మళ్లీ వెళ్లిపోయాడు.

ఆ సోమవారం సాయంత్రం రత్నం వచ్చింది. రత్నం బాబ్జీ పెళ్లాం. మొగుడూ, తన తమ్ముడు ఆంజనేయులూ నిన్ననే రావాలి, రాలేదు. మీవాడికేమైనా కనిపించారా వదినా అని అడిగింది. వీరదుర్గ నోటికి అలవాటైన మాటే వచ్చింది. పైకి వెళ్లారనుకుంటా, కృత్తివెన్ను వైపు చూశాడట, అంది. రత్నం ఈసారి నవ్వలేదు. అప్పుడే దిద్దుకోవాల్సింది.

దిద్దుకునేలోపే రత్నం వెనకాలే పాలెం పెద్ద వెంకటస్వామి వచ్చాడు, ఆయనతో పోలీసులు వచ్చారు. వీరదుర్గ చెప్పింది రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు. పదిమందిలో అన్నమాట వెనక్కి తీసుకోవడానికి ఆమెకి మొహం చెల్లలేదు. మంగళవారం పాలెంలోని బోట్లన్నీ ఉత్తరానికి వెళ్లాయి. బుధవారం కూడా అటే వెళ్లాయి. బుధవారం మధ్యాహ్నం రాజకుమార్ ఫోను కలిసింది. అప్పుడు కొడుకుతో చెప్పింది, హంసలదీవి వైపు తిప్పి వెతకరా అని. గురువారం తెల్లారుతూనే వాడికి బాబ్జీ బోటు దొరికింది. ఇంజను చెడిపోయి, మంచినీళ్లు అయిపోయి కొట్టుకుపోతోంది. బాబ్జీ బతికి ఉన్నాడు. ఆంజనేయులు అప్పటికే లేడు.

బుధవారం పొద్దుటిదాకా మాట్లాడుతూనే ఉన్నాడని బాబ్జీ చెప్పాడు.

రాజకుమార్‌ని పాలెమంతా నెత్తిన పెట్టుకుంది. రత్నం అయితే వీరదుర్గ చేతులు పట్టుకుని, మీ కొడుకే లేకపోతే నా బొట్టు ఉండేది కాదు వదినా అని ఏడ్చింది. ఆ రోజు నుంచీ గుడివాడ ఆటోలో రత్నం పక్కన కూర్చోవడం వీరదుర్గకి ముళ్ల మీద కూర్చున్నట్టుగా ఉంది. రత్నం ఇంట్లో ఏం వండినా కాస్త తెచ్చి పెడుతుంది. వీరదుర్గ అది శ్రీలేఖకి పెట్టేస్తుంది. రాజకుమార్ కూడా తల్లి మొహం చూసి మాట్లాడడం మానేశాడు.

ఆదివారం తుపాను షెల్టర్‌లో మీటింగు పెట్టారు. శ్రీలేఖ సెమినార్ బాగా జరిగిందని విని, ఆ సంగతులే మనవాళ్లకీ చెప్పమని వెంకటస్వామి అడిగాడు. పిల్ల నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పింది. ఇకనుంచి ఏ బోటు ఏ దిక్కు వెళ్లిందీ, ఎవరు ఎవర్ని ఎక్కడ చూశారూ అన్నీ ఒకే పుస్తకంలో రాయాలని తేల్చారు. పుస్తకం షెల్టర్‌లోనే ఉంటుంది.

బాబ్జీ ఇంకా కర్ర సాయంతోనే నడుస్తున్నాడు. అయినా ఎగతాళి మానలేదు. పుస్తకంలో అంతర్వేది అని రాసి ఎదురుమొండి పోతారు, నాకు తెలీదా మీ సంగతి, అన్నాడు. అందరూ నవ్వారు. అయితే పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేద్దాం, ఆపద వస్తేనే తీద్దాం అన్నాడొకడు. అమెరికా వాళ్లకీ అదే ఇబ్బంది వచ్చిందని చెప్పింది శ్రీలేఖ. కబుర్లు కూర్చడానికి పెట్టిన సంస్థకి, చట్టంలో రాసిన పనుల చివర్న, అప్పజెప్పిన ఇతర పనులు కూడా చెయ్యాలని ఒక ముక్క ఉందట. ఆ ముక్క పట్టుకుని వేరే దేశాల్లో ఎవరికీ తెలియని పనులెన్నో చేశారట. తాళం ఎవరి చేతిలో ఉందన్నది చూసుకోవాలి తాతయ్యా, అంది.

"తాళం రాజకుమార్ దగ్గరుంటుంది. వాడికంటే నమ్మకమైనవాడెవడు?" అన్నాడు వెంకటస్వామి. శాలువా తెప్పించి అతని మెడలో వేశాడు. "జరిగింది ఎవరి తప్పూ కాదు. చెప్పుకోవడానికి ఒక చోటు లేకపోయింది, అంతే. ఉండుంటే ఆంజనేయులు బతికేవాడు."

అందరూ తలలూపారు. రత్నం కూడా ఊపింది. రాజకుమార్ మాత్రం తల వంచుకుని, మెడలో వేసిన శాలువా అంచు నలుపుతున్నాడు.

ఆ తలూపడం చూసేసరికి వీరదుర్గకి తన మీద తనకే రోత పుట్టింది. రేపు ఇదే పుస్తకం చేతిలో పట్టుకుని, ఇది లేకపోబట్టే నా తమ్ముడు పోయాడని రత్నం బతికినన్నాళ్లూ అనుకుంటుంది. తనేమో దాని వెనక నక్కి కూర్చుంటుంది.

లేచి నిలబడింది. రత్నం వైపు తిరిగింది.

"చోటు లేక కాదు. రత్నం మా ఇంటికే వచ్చి అడిగింది. నాకు తెలుసు. తెలిసి అబద్ధం చెప్పాను. హంసలదీవి కింద ఉన్నారని చెప్పలేదు" అంది.

శ్రీలేఖ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. రాజకుమార్ శాలువా తీసి బల్ల మీద పెట్టేశాడు.

రత్నం గొంతు పెంచకుండా అడిగింది.

"సోమవారం నుంచీ తెలుసా వదినా?"

"సోమవారం నుంచే."

"మంగళవారం మా ఇంట్లో కూర్చున్నావు. నాచేత అన్నం తినిపించావు."

వెంకటస్వామి గొంతు సవరించుకుని, అయిపోయిందేదో అయిపోయింది, పుస్తకం ఇవాళ్టి నుంచి మొదలుపెడదాం, పాతవి అందులోకి ఎందుకు అన్నాడు.

"రాయించండి బాబాయ్" అంది రత్నం. "మొదటి పేజీలో ఇదే రాయించండి. ఏ రోజు చూశారో, ఏ రోజు చెప్పారో రాయించండి. మా తమ్ముడి పేరు కూడా."

రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి శ్రీలేఖే కూర్చుని రాసింది. నాయనమ్మ పేరు రాసేచోట పిల్ల కన్నీటిచుక్క పడి సిరా అలుక్కుపోయింది. వీరదుర్గ దాని కింద సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున్న రత్నం వేరే ఆటో ఎక్కింది. వీరదుర్గ గుడివాడ చేరేసరికి రత్నం గంప దించుకుని నిలబడి ఉంది. ఆ రోజు ముందు కూర్చునే వంతు వీరదుర్గది. రత్నం తన అలవాటు ప్రకారం వెనక్కి వెళ్లబోయింది. వీరదుర్గ అంతకంటే ముందే వెళ్లి, వెనక గోడవార తన గంప దించుకుంది.

రత్నం ఒక్క క్షణం చూసింది. ముందు చోటులో కూర్చోలేదు. తన గంప ఎత్తుకుని మార్కెట్ అవతలి కొసకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నందాకా ఆ ముందు చోటు ఖాళీగానే ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు అక్కడ నిలబడి, రత్నమ్మ ఏదండీ అని అడుగుతుంటే, వీరదుర్గ తలెత్తకుండా చెయ్యి చాపి చూపించింది. ఈసారి సరైన దిక్కే చూపించింది.